ఎవరి వార్త వాళ్ళకే ముందు

'ఘనంగా' అనే మాట వింటే సత్తెమ్మ టీచరుకు ఒళ్ళు మండేది. గణతంత్ర దినం ఘనంగా జరిగింది, సైన్సు ప్రదర్శన ఘనంగా ముగిసింది అని తొమ్మిదో తరగతి పిల్లలు వార్తలు రాసుకొస్తే ఆ కాగితం పక్కకు నెట్టేసేది. "ఘనంగ అంటే ఎంత? ఎంతమంది వచ్చిన్రు? లడ్డు ఎవరికి అందలేదు? గది రాసుకరా" అనేది. లడ్డు అందని పిల్లల పేర్లు శుక్రవారం వార్తల్లో చదివేవారు. సోమవారం వాళ్ళకు లడ్డు అందేది. వార్త చేసే పని అదేనని, అది చేయనప్పుడు గొంతు నొప్పి పెట్టుకోవడం దండగని ఆమె గట్టి నమ్మకం.

నల్లగండ్ల మలుపులో, అపార్ట్‌మెంట్ల నడుమ, నాలుగంతస్తుల ప్రైవేటు బడి అది. కింద సెల్లారు, పైన అద్దాల ఆఫీసు. అందులో సత్తెమ్మ సోషల్ చెప్పేది. టైంటేబుల్లో మాత్రం ఆమె పేరు 'సత్య'. ఉద్యోగంలో చేరిన రోజునే కరస్పాండెంటు భీమేశ్వరరావు గారు ఆ పేరు దిద్దేశారు. "సత్తెమ్మ అంటే పేరెంట్సుకు కాస్త పల్లెటూరి పేరులా వినిపిస్తుందండి" అని నవ్వారు. తన పల్లెటూరు బడి వెనక గోడకు కూతవేటు దూరంలోనే ఉందని, బడి లేచిన నేల ఒకప్పుడు ఆ ఊరివాళ్ళు జొన్నలు వేసుకున్న చెలక అని ఆమె అప్పుడు నోరెత్తలేదు. మనిషికి ఉద్యోగం అవసరమైనప్పుడు మింగేవి చాలా ఉంటాయి. ఆమె పన్నెండేళ్ళుగా మింగుతూనే ఉంది.

ఆమె తండ్రి ఐలయ్య బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషను మీద పనిచేశాడు. తెల్లారి సద్దిమూట కట్టుకుని సైకిలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. సత్తెమ్మ ఆరో తరగతిలో ఉండగా మిషను ఆయన కుడిచేతి మూడు వేళ్ళను నలిపేసింది. మరుసటి రోజు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. 'కార్మికుడికి స్వల్ప గాయం' అని రాశారు. దవాఖానలో మంచం పక్కన కూర్చుని ఆ నాలుగు లైన్లూ తండ్రికి చదివి వినిపించింది సత్తెమ్మే. ఐలయ్య కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూసుకుని, "రాసేటాయన ఒక్కపారి వచ్చి నాకు సదివి ఇనిపిస్తే, స్వల్పమో కాదో నేనే జెప్పకపోదునా" అన్నాడు.

ఆ పిల్ల పెరిగి, శేరిలింగంపల్లి సర్కారు బడిలో పది గట్టెక్కి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బస్సుల్లో వేలాడుతూ డిగ్రీ, బీఈడీ పూర్తిచేసి, టీచరై, తన తరగతిలో ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరి మీద వార్త రాస్తే వాళ్ళకే అది ముందు చదివి వినిపించాలి. వాళ్ళు చెప్పే మాట కూడా అందులో చేర్చాలి. ఆ తర్వాతే కెమెరా ముందుకు వెళ్ళాలి. ఈ కట్టుబాటు తప్పినవాళ్ళకు ఆ వారం వార్తల్లో చోటు లేదు.

అసలు ఈ వార్తల ప్రాజెక్టు భీమేశ్వరరావు గారి బుర్రలో పుట్టింది. పిల్లలు యాంకర్లలా గడగడా మాట్లాడితే పేరెంట్సు పడిపోతారని ఆయన లెక్క. ఒక చిన్న వీడియో కెమెరా, ఒక ఆకుపచ్చ గుడ్డ, రిసెప్షనులో గోడకు పెద్ద టీవీ కొనిపెట్టారు. శుక్రవారం పొద్దున పిల్లలు చదివింది రికార్డు చేసి, మూడున్నరకు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే వేళకు ఆ టీవీలో వేసేవారు. ఐటీ కంపెనీల బ్యాడ్జీలు మెడలో వేసుకుని వచ్చిన అమ్మానాన్నలు టీవీ ముందు నిలబడి మురిసిపోయేవారు. ఆయన కోరుకున్నదీ అదే. కానీ ఆ పని సత్తెమ్మ చేతిలో పెట్టడం ఆయన చేసిన పొరపాటు.

మొదటి నెలలోనే పిల్లలు 'వాచ్‌మన్ ఎల్లయ్య గేటు దగ్గర నిద్రపోతున్నాడు' అని రాశారు. కట్టుబాటు ప్రకారం వెళ్ళి ఎల్లయ్యకు చదివి వినిపించారు. ఎల్లయ్య కోప్పడలేదు. "నిద్రవోయిన మాట నిజమే. కని రాత్రి డ్యూటీ జేసేటాయన మానేసి ఇరవై దినాలాయె, రెండు డ్యూటీలు నేనే జేస్తున్న. అది గూడ రాయుండ్రి" అన్నాడు. రాశారు. టీవీలో వచ్చింది. మరుసటి వారం ఎల్లయ్యకు తోడు ఇంకో మనిషి వచ్చాడు. భీమేశ్వరరావు గారు ఆ రోజు సత్తెమ్మను చూసి నవ్వలేదు.

అప్పటికి ఊరంతా తెలంగాణ ఉద్యమం. 2011 ఫిబ్రవరి. రోడ్ల మీద వంటావార్పు, బస్సుల మీద నినాదాలు. స్టాఫ్ రూంలో అన్నం డబ్బాలు విప్పే బల్ల ఒకటి కాస్తా రెండయింది. రాయలసీమ నుంచి వచ్చి ఇల్లు కొనుక్కున్న కుటుంబాల పిల్లలు, పక్క ఊళ్ళ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని, పెద్దవాళ్ళు ఇళ్ళలో అనుకునే మాటలు ఒకరి ముందు ఒకరు అనకుండా జాగ్రత్తపడేవారు. వార్తల్లో 'తెలంగాణ' అనే మాట వినపడకూడదని కరస్పాండెంటు గారి ఆజ్ఞ. బంద్ అనొద్దు. 'అనివార్య కారణాల వల్ల బడికి సెలవు' అనాలి.

వార్తలు చదివే తొమ్మిదో తరగతి యశస్విని ఊరుకునే రకం కాదు. "మేడం, గీ అనివార్య కారణాలు నెలల ఎన్నిమాట్ల వచ్చినయో లెక్క రాద్దామా?" అంది. సత్తెమ్మ ముసిముసిగా నవ్వి రాయమంది. 'ఈ నెలలో మన బడికి అనివార్య కారణాలు నాలుగుసార్లు వచ్చాయి. అవి ఏమిటో పెద్దలు మాకు చెప్పలేదు' అని ఆ పిల్ల టీవీలో ముఖం సీరియస్‌గా పెట్టి చదివింది. తల్లిదండ్రులు ఇటువాళ్ళూ అటువాళ్ళూ పగలబడి నవ్వారు. కరస్పాండెంటు గారు కూడా నవ్వాల్సి వచ్చింది పాపం.

ఆ నెలలోనే రెండు రోజుల బంద్ వచ్చింది. ముందురోజు సాయంత్రం తల్లిదండ్రుల ఫోన్లకు బడి నుంచి మెసేజ్ వెళ్ళింది. పరీక్షలు దగ్గరపడ్డాయి కనుక తరగతులు ఉంటాయి, పిల్లలు యూనిఫాం కాకుండా రంగు బట్టల్లో రావాలి, వెనక గేటు నుంచి రావాలి, ఎవరికీ చెప్పొద్దు. ముందు గేటుకు మాత్రం పెద్ద తాళం, 'ఈరోజు సెలవు' అనే బోర్డు. ఆ చుట్టుపక్కల చాలా బళ్ళు అప్పట్లో చేసిన పనే ఇది. పెళ్ళికి వచ్చినట్టు గళ్ళ చొక్కాలు, పట్టు పావడాలు వేసుకుని తొంభై మంది పిల్లలు వచ్చారు.

మంగళవారం పొద్దున పది గంటలకు దూరం నుంచి డప్పు వినిపించింది. ఊరేగింపు బడి వైపే వస్తోంది. భీమేశ్వరరావు గారు కిందికి పరిగెత్తుకొచ్చారు. పిల్లలందరినీ సెల్లార్లోకి దించమన్నారు. షట్టరు వేయించారు, లైట్లు ఆర్పించారు. "చప్పుడు రాకూడదండి సత్య గారూ, మీదే బాధ్యత" అని చెప్పి ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు.

చీకట్లో స్కూటర్ల మధ్య, పెట్రోలు వాసనలో, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. సత్తెమ్మ షట్టరుకు ఆనుకుని నిలబడింది. బయట పాట. ఆ పాట పాడుతున్న గొంతులు ఆమెకు తెలుసు. పక్కింటి వాళ్ళవి, చిన్నప్పుడు తనతో కలిసి చదివిన వాళ్ళవి. ఆ గుంపులో డెబ్బై దాటిన తన తండ్రి గొంతు కూడా ఉంది. తన మనసు కూడా వాళ్ళవైపే ఉంది. అలాంటిది తను ఇనుప షట్టరుకు లోపలివైపు నిలబడి, తన సొంత మనుషులకు వినపడకుండా పిల్లల నోళ్ళు కట్టడి చేస్తోంది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి ఉండదు.

అప్పుడే మూడో తరగతి దివ్యకు దగ్గు వచ్చింది. మొదట ఒకసారి, తర్వాత ఆగకుండా. సత్తెమ్మ చీకట్లో తడుముకుంటూ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, ఒడిలోకి లాక్కుని, నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. బయట పాట అయ్యేదాకా చెయ్యి తీయలేదు. పిల్ల గింజుకుంటుంటే భయపడుతోందనుకుంది. దివ్య అన్న దినేష్, తొమ్మిదో తరగతి, వచ్చి ఆమె చెయ్యి పట్టి బలంగా లాగేశాడు. "చెల్లికి ఆయాసముంది మేడం! ఊపిరాడటంలే!" అన్నాడు. మందు పై అంతస్తులో సంచిలో ఉండిపోయింది. దినేష్ చీకట్లో మెట్లకు తట్టుకుని పడి, లేచి, పరిగెత్తి తెచ్చాడు. పిల్లకు ఊపిరి కుదుటపడేసరికి పెదవులు నల్లబడి ఉన్నాయి.

బయటివాళ్ళు గేటు దగ్గర ఎల్లయ్యను మంచినీళ్ళు అడిగి, తాగి, వెళ్ళిపోయారు. ఒక్క గులకరాయి కూడా ఎవరూ విసరలేదు.

పిల్లల్ని పైకి తెచ్చాక భీమేశ్వరరావు గారు తియ్యగా మాట్లాడారు. "చూడండమ్మా, ఈరోజు బడికి సెలవు. బయట ఎవరడిగినా మీరెవ్వరూ ఇక్కడ లేరు. సెల్లారు సంగతి ఇంట్లో చెప్పారంటే రేపటి నుంచి బడీ ఉండదు, పరీక్షలూ ఉండవు. అర్థమైందా?" పిల్లలు తలలూపారు. సత్తెమ్మ కూడా అక్కడే నిలబడి ఉంది. ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే ఐలయ్య మంచి హుషారు మీద ఉన్నాడు. "మీ బడి కాడికి గూడ వచ్చినం బిడ్డా. తాళం ఏసి సెలవు బోర్డు వెట్టిన్రు. మీ సారు మంచోడే ఉన్నడు. అందరం సంబురపడ్డం" అన్నాడు. సత్తెమ్మ గిన్నెలు కడుగుతూ తల ఎత్తలేదు.

బుధవారం బడి నిజంగానే మూసి, గురువారం తెరిచారు. మధ్యాహ్నం ఆమెకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి కరస్పాండెంటు గారి బల్ల ముందు యశస్విని, దినేష్ నిలబడి ఉన్నారు. బల్ల మీద నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఒకటి ఉంది.

"మీ పిల్లలు నాకు వార్త చదివి వినిపించడానికి వచ్చారండి. ఎవరి వార్త వాళ్ళకే ముందు అట. మీరు నేర్పిందేగా?" అన్నారాయన. గొంతులో వెటకారం ఉంది. "మీరు విన్నారా?"

"లేదు సార్. నాకింక చదవలే" అంది సత్తెమ్మ.

దినేష్ నేల చూపులు చూశాడు. "మీకు అందరికంటే చివర చదువుదామనుకున్నాం మేడం. చెల్లికి చదివినాం, ఎల్లయ్య తాతకు చదివినాం. మీ దగ్గరికి రావాలంటే కాళ్ళు రాలేదు."

వాడు ఇంట్లో చెప్పలేకపోయాడు. చెబితే బడి పోతుంది, పరీక్షలు పోతాయి, అన్నింటికంటే తనకిష్టమైన టీచరు పోతుంది. అలాగని కడుపులో దాచుకోనూ లేకపోయాడు. వార్తగా రాయడం ఒక్కటే వాడికి దొరికిన దారి.

"చదువు బిడ్డా" అంది సత్తెమ్మ యశస్వినితో.

యశస్విని కాగితం అందుకుని, కెమెరా ముందు చదివినట్టే చదివింది.

"మంగళవారం బంద్ రోజున మన బడికి సెలవని బోర్డు పెట్టారు. కానీ బడి నడిచింది. తొంభై మంది రంగు బట్టల్లో వచ్చాం. పది గంటలకు తెలంగాణ ఊరేగింపు వచ్చినప్పుడు మమ్మల్ని సెల్లార్లోకి దించి షట్టరు వేసి లైట్లు ఆర్పారు. మూడో తరగతి దివ్యకు దగ్గు వచ్చింది. ఆ దగ్గు బయటికి వినపడకుండా సత్య మేడం ఆమె నోరు చేత్తో మూశారు. దివ్యకు ఊపిరి అందలేదు. మందు ఇచ్చాక తేరుకుంది. ఊరేగింపు వాళ్ళు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారని వాచ్‌మన్ ఎల్లయ్య చెప్పాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దని మాకు చెప్పారు. దివ్య ఇప్పుడు బాగుంది. తను ఏడవలేదని రాయమంది."

చేసినప్పుడు అది ఒక్క క్షణం పనిలా అనిపించింది. కాగితం మీద విన్నప్పుడు ఆ చెయ్యి తనది కాదేమో అనిపించేంత పరాయిగా ఉంది. కానీ తనదే. ఒక్క మాట కూడా తప్పు లేదు.

భీమేశ్వరరావు గారు పిల్లల్ని బయటికి పంపి ఎర్ర పెన్ను తీశారు. నింపాదిగా కొట్టేసుకుంటూ, పైన రాసుకుంటూ వెళ్ళారు. చివరికి కాగితం మీద రెండు వాక్యాలు మిగిలాయి. 'విద్యార్థుల చదువుకు ఆటంకం కలగకుండా ప్రత్యేక తరగతులు నిర్వహించారు. ఒక విద్యార్థినికి స్వల్ప అస్వస్థత కలిగింది.'

"ఇది మీ కోసం చేస్తున్నానండి, నా కోసం కాదు" అన్నారు. "నాకేముంది, నాలుగు తిట్లు తింటాను. నోరు మూసింది మీరు. ఆ పేరెంట్ ఊరుకుంటుందా? మీ పేరు బయటికి రాకుండా చూసే పూచీ నాది. రేపు పొద్దున ఇదే చదివించండి."

ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అదే ఆమెను నిలబెట్టి కోసింది. 'స్వల్ప' అనే ఆ మాట కాగితం మీద ఎర్రగా మెరుస్తోంది. ఆమె దానివైపు చూస్తూ, "ఆలోచిస్త సార్" అంది. కాగితం తీసుకుని బయటికి వచ్చింది. అప్పటికప్పుడు 'కాదు' అనలేకపోయినందుకు మెట్లు దిగుతూ తనను తాను తిట్టుకుంది.

సాయంత్రం వాకిట్లో తండ్రి ముందు కూర్చుని అంతా చెప్పేసింది. తాళం సంగతి, సెల్లారు, షట్టరు, తన చెయ్యి. ఐలయ్య బీడీ వెలిగించబోయి ఆగిపోయాడు.

"ఆ పొల్ల ఎట్లున్నది?" అని అడిగాడు ముందు.

"మంచిగనే ఉన్నది."

ఆయన బీడీ తిరిగి చెవి వెనక పెట్టుకున్నాడు. "మేమేమన్న దొంగలమా బిడ్డా? పోరగాండ్లను చీకట్ల దాస్తిరి? పిల్లకు దమ్మొస్తలేదని ఒక్క మాట జెప్తే డప్పు బందువెట్టి, మేమే ఎత్తుకొని దవాఖానకు ఉరుకకపోదుమా? నువ్వన్న ఎట్ల మర్చిపోతివే, బయటున్నది మేమని?"

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"పోరగాండ్లు రాసిన్రా అది?" అన్నాడు ఐలయ్య.

"రాసిన్రు. నా పేరు గూడ రాసిన్రు. సారు కొట్టేసిండు. నౌకరి పోతది బాపూ, కేసయితదో ఏమో."

"నీ పేరు నువ్వు కొట్టేస్తవా?"

సత్తెమ్మ కళ్ళు తుడుచుకుంది. లోపలికి వెళ్ళి, ఎర్ర గీతల కింద ఉన్న ప్రతి మాటా కొత్త కాగితం మీద తన చేతిరాతతో మళ్ళీ రాసింది. ఒక్క అక్షరం తగ్గించలేదు.

శుక్రవారం పొద్దున ఆకుపచ్చ గుడ్డ ముందు యశస్విని ఆ వార్తను పూర్తిగా చదివింది, దినేష్ రికార్డు చేశాడు. మధ్యాహ్నానికి సంగతి ఆఫీసుకు చేరింది. మూడు గంటలకు రిసెప్షను టీవీ మీద 'మరమ్మతులో ఉంది' అనే కాగితం అంటించారు. భీమేశ్వరరావు గారు కారిడార్లో ఎదురొచ్చారు.

"మీరు మార్చలేదండి."

"మార్చలే సార్."

"అయితే మీరిక రేపటి నుంచి రావద్దండి."

పన్నెండేళ్ళుగా ఏ మాటకు భయపడి ఆమె అన్నీ మింగిందో ఆ మాట వచ్చేసింది. వచ్చాక చూస్తే అందులో భయపడేందుకు పెద్దగా ఏమీ లేదు. "రేపటి సంగతి రేపు సార్. ఇయ్యాల బెల్లు కొట్టేదాక నేను ఈ బడి టీచర్నే గద" అని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది.

పిల్లల్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వస్తే ఎల్లయ్య అడ్డం నిలబడ్డాడు. "గేటు లోపట ఏం జదవనియ్యొద్దని సారు గట్టిగ జెప్పిండు మేడం" అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గేటు బయట సంగతి ఆయన నాకేం జెప్పలే. ఆడ మున్సిపాలిటీ రోడ్డు." అని గేటు బార్లా తెరిచాడు.

బయట కాలువ మీద సిమెంటు పలక ఉంది. యశస్విని దానిమీదికి ఎక్కింది. కార్లు, స్కూటర్లు ఆగి ఉన్నాయి. తల్లిదండ్రులు యాభై అరవై మంది ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. టీవీ పాడైందని పిల్లలే స్వయంగా చదువుతున్నారనుకుని కొందరు ముచ్చటగా ఫోన్లు పైకెత్తారు. గుంపులో ముందే దినేష్, దివ్యల తల్లి పద్మావతి ఉంది. అనంతపురం మనిషి, పెద్ద కంపెనీలో టీం లీడరు, మాట కటువు. దివ్య పరిగెత్తుకెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుంది.

"నమస్కారం. మన బడి వార్తలు" అని యశస్విని మొదలుపెట్టింది. బోర్డు, రంగు బట్టలు, షట్టరు, లైట్లు. గుంపులో ఒక్కొక్క ఫోనూ కిందికి దిగింది. 'తెలంగాణ ఊరేగింపు' అన్నప్పుడు నలుగురైదుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 'మూడో తరగతి దివ్యకు దగ్గు వచ్చింది' అన్నప్పుడు పద్మావతి వంగి కూతురి ముఖం చూసింది.

యశస్విని గబగబా, "దివ్యకు ఊపిరి అందలేదు. మందు ఇచ్చాక తేరుకుంది" అని చదివేసింది.

"ఆగు బిడ్డా" అంది సత్తెమ్మ వెనక నుంచి. "నడుమ ఒక వాక్యం ఇడిసిపెట్టినవ్."

యశస్విని తల అడ్డంగా ఊపింది. కళ్ళ నిండా నీళ్ళు. కాగితం గుండెలకు అదుముకుంది. గేటు లోపలి నుంచి భీమేశ్వరరావు గారు, "చాలండి, చాలు, అయిపోయింది" అని చేతులు ఊపుతున్నారు.

సత్తెమ్మ పలక మీదికి ఎక్కింది. పిల్ల చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుంది. "ఆ దగ్గు బయటికి వినపడకుండా సత్య మేడం ఆమె నోరు చేత్తో మూశారు" అని చదివింది. కాగితం దించి, "ఆ సత్య మేడం అంటే నేనే. ఈ చెయ్యే. పాట అయిపోయేదాక తియ్యలే. ఇంట్లో చెప్పొద్దని సారు అంటుంటే పక్కన నిలవడి ఊకున్నది గూడ నేనే" అంది.

పద్మావతి కూతురి చెయ్యి విడిచిపెట్టి నాలుగడుగులు ముందుకు వచ్చింది. ముఖం కందిపోయి ఉంది.

"నా బిడ్డ నోరు మూస్తివా నువ్వు?"

"మూసిన అమ్మా."

"నాలుగు దినాలాయ. ఒక్కరన్నా నాకు చెప్పల్యా? నా కొడుకు గూడా చెప్పల్యా?"

"నీ కొడుకే రాసిండు అమ్మా ఇది. నా చెయ్యి గుంజి పిల్లను బతికిచ్చింది గూడ ఆయనే."

పద్మావతి దినేష్ వైపు చూసింది. వాడు తల్లి వైపు చూడలేక చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. భీమేశ్వరరావు గారు అదను చూసి గేటు దాటి వచ్చారు. "అమ్మా, లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. ఆ టీచర్ని తీసేశామండి, ఈరోజే తీసేశాం" అన్నారు.

"నువ్వుండు సార్. నీతో తర్వాత మాట్లాడతా" అంది పద్మావతి ఆయన వైపు తిరగకుండానే. సత్తెమ్మ కళ్ళలోకి సూటిగా చూసింది. "నిన్ను నేను వదిలిపెట్టను. ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కి పోతాండా. నీ మీద గూడా రాసిస్తా, ఈయప్ప మీద గూడా రాసిస్తా."

"రాసియ్యి అమ్మా. నేను వచ్చి సంతకం పెడ్త" అంది సత్తెమ్మ.

పద్మావతి వెనక్కి తిరిగి చూసింది. అప్పుడే వచ్చిన తల్లిదండ్రులు గుంపు వెనక నిలబడి, ఏమైంది ఏమైందని పక్కవాళ్ళను అడుగుతున్నారు. ఆమె కూతుర్ని చంకకెత్తుకుని, పలక పక్కకు వచ్చి, వాళ్ళవైపు తిరిగి నిలబడింది.

"ఎనకాల ఉండేవాళ్ళకు ఇనపళ్ళేదు. మళ్ళీ మొదట్నుంచి చదువు" అంది. "గట్టిగా చదువు."

సత్తెమ్మ కాగితం ఎత్తి పట్టుకుంది. "మంగళవారం బంద్ రోజున మన బడికి సెలవని బోర్డు పెట్టారు" అని మొదలుపెట్టింది. "కానీ బడి నడిచింది."